ముప్పై ఒకటో నంబరు

నేను అంకెలు చెబుతాను, మీరు వెనక నుంచి చెప్పాలి.
నాలుగు, తొమ్మిది, రెండు, ఏడు.
ఏడు, రెండు, తొమ్మిది, నాలుగు అంటాడు చౌడప్ప
నా పెదవులు ఇంకా కలవకముందే.

జయనగర్ నాలుగో బ్లాకు.
కింద మిక్సీలు బాగుచేసే కొట్టు, పైన మా పరిశోధన.
కిటికీ మూస్తే ఉక్క, తీస్తే హారన్లు.
అరవై నాలుగు మంది, ఎనిమిది వారాలు.
సగం మందికి ఊపిరిని గమనించడం నేర్పుతారు,
సగం మందికి సొరకాయలో ఏముందో, రాగుల్లో ఏముందో
పాఠాలు చెబుతారు.
ఎవరు ఏ సగమో చీటీలు తేల్చాయి.
నాకు తెలియకూడదు.
తెలియకపోవడానికే నాకు జీతం.

చౌడప్ప ఇరవై రెండేళ్లు బస్సు కండక్టరు.
మాలూరు వైపు తెలుగు, మధ్య మధ్య
కన్నడం చిల్లరలా జారిపడుతుంది.
"అంకెలదేముంది మేడం,
టికెట్టు వెనక రాసిన బాకీలు
ఎవరి మొహానికి ఎంతో
డిపో చేరేదాకా తలలోనే కదా!"
మొదటి రోజే ఏడంకెలు తిప్పి అప్పజెప్పాడు.
ఇక పెరగడానికి పైన చోటేదని
నా పెన్సిలు గడి మీదే ఆగింది.

తర్వాత ప్రశ్నలు.
గత రెండు వారాల్లో మీరు ఎంత తరచుగా ప్రశాంతంగా ఉన్నారు?
ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, దాదాపు ఎల్లప్పుడూ.
"ప్రశాంతమంటే సీటు దొరకడమా మేడం,
దిగే స్టాపు రావడమా?"
ఆ గడి మాకు లేదు.
అప్పుడప్పుడు, అని నేనే నింపాను. తప్పే.

పన్నెండో నంబరు సువర్చల.
రాత్రంతా ఎవరి దేశపు ఫిర్యాదులో వింటుంది,
పగలు పరదా వేసుకుని కళ్లు తెరిచే పడుకుంటుంది.
నాలుగంకెల దగ్గర తప్పి
ఆ రోజు గోరు కొరికి రక్తం తెచ్చుకుంది.
ఎనిమిదో వారమూ నాలుగే.
"పోయింది," అని నవ్వి మంచినీళ్లడిగింది.
నాలుగు, అని రాశాను రెండోసారి.
నవ్వుకు మార్కుల్లేవు.

చివరి రోజు చౌడప్ప వచ్చాడు.
ఒకటి, ఎనిమిది, మూడు, ఆరు, తొమ్మిది, రెండు, ఐదు.
ఆగాడు.
ఐదు, రెండు... అని మళ్లీ ఆగాడు.
కింద మిక్సీ ఒకటి గుర్రుమని ఊరుకుంది.
"మీ గొంతు కట్టుకొనింది మేడం,
జ్వరమా? ఏమన్నా తాగినారా?
అదే చూస్తా ఉంటే అంకెలు పోయినాయి."

జ్వరమే. పొద్దుటినుంచీ.
ఆఫీసులో తొమ్మిది మంది గుడ్ మార్నింగ్ చెప్పారు.
గడిలో ఆరు వేశాను.
ఏడు నుంచి ఆరు, తగ్గుదల.

ఫారం అడుగున ఒక ప్రశ్న నాకు కూడా ఉంటుంది:
ఈ వ్యక్తి ఏ గుంపో ఊహించండి.
ఊపిరి, అని రాశాను,
అంత గట్టిగా ఎప్పుడూ రాయలేదు.

నెల తర్వాత కవర్లు విప్పారు.
సువర్చల ఊపిరి.
చౌడప్ప సొరకాయ.

నివేదిక పదకొండు పేజీలు.
ఆలోచనా శక్తిలో చెప్పుకోదగ్గ తేడా లేదు.
మనసు నెమ్మదిలో కొంచెం, అదీ
అటూ ఇటూ ఊగే కొంచెం.
మరింత పరిశోధన అవసరం.
మా సారు ఆ చివరి వాక్యాన్ని కొట్టేద్దామన్నారు,
అందరూ రాసేదే కదా అని.
నేనే ఉంచమన్నాను.

ఆ సాయంత్రం వాన. బస్సులో నిలబడి
నేనూ ఊపిరి లెక్కపెట్టాను, ఎవరూ చూడకుండా.
ఒకటి. రెండు. మూడు.
టికెట్టు వెనక మూడు రూపాయలు బాకీ రాసి ఇచ్చిన
కండక్టరు గొంతు బొంగురుగా ఉంది.
నాలుగో ఊపిరి ఎటు పోయిందో తెలియదు.
అడగనా వద్దా అనుకునేలోపు
లాల్‌బాగ్ పడమటి గేటు వచ్చేసింది.